నడుముకు చాకు ఉండాల్నా, వద్దా? చేపల పడవ మీద కత్తి లొల్లి అసలు ఏంది

రెండేండ్ల కింద కార్తీకంల, ఇంకా మంచు లేవకముందే, మా కాక మా ఊరి చెరువుల వలకు చిక్కిండు. నర్సంపేట దిక్కు చెరువు, ఎండాకాలం మోకాళ్ల దాకనే ఉంటది గాని నిండితే ఇద్దరు మనుషుల లోతు. థర్మాకోల్ తెప్ప మీద కూసోని రాత్రి వేసిన వల గుంజుతున్నడు, అడుగున ఏదో తుమ్మ మోడుకు వల తట్టుకుంది, గట్టిగ గుంజిండు, తెప్ప కిందికెళ్లి జారింది, మనిషి నీళ్లల్ల, రెండు కాళ్లు వలల. ఈత రానోడు కాదు, చెరువులనే పెరిగిండు. కానీ ఈత కొట్టాల్నంటే కాళ్లు ఆడాలె కదా, ఆడించిన కొద్దీ వల ఇంకో చుట్టు చుట్టుకుంటది. చాకు లేదా అంటే ఉంది. తెప్ప అవతలి కొసకు కట్టిన సంచిల, సద్ది గిన్నె పక్కన. ఇంకో తెప్ప మీదున్న అన్న వచ్చి వల పైన తేలే బెండ్ల తాడు పట్టి వల మొత్తం పైకి లేపితే కాక తల బయటికొచ్చింది.

తర్వాత మా చేపలోళ్ల సొసైటీ మీటింగుల పెద్ద లొల్లి. సగం మంది ఇగ నుంచి అందరు నడుముకు చాకు కట్టుకోవాలె అన్నరు. ఇంకో సగం మంది, పెద్దోళ్లే ఎక్కువ, తడి తెప్ప మీద నడుముకు కత్తి పెట్టుకొని జారితే కడుపుల దిగుతది, వద్దు అన్నరు. మా తమ్ముడు ఫోన్‌ల సముద్రం బోట్ల వీడియో పట్టుకొచ్చి ఛాతీ మీద నారింజ రంగు చాకు పెట్టుకున్న మనుషులను చూపిచ్చిండు, అది చూసి ఎవ్వరు ఒప్పుకోలే, అది సముద్రం మనది చెరువు అన్నరు. నాకు అప్పటి నుంచి ఈ సంగతి మీద మనసు పడ్డది. చదివిన, కాకినాడ దిక్కు వలలు కొననీకి పోయినప్పుడు మర పడవల మీద పని చేసే కళాసీలను అడిగిన, ఇంటికాడ తాళ్లు కోసి చూసిన. నాకు అర్థమైంది ఏందంటే మీటింగుల రెండు దిక్కులోళ్లు చెప్పింది నిజమే, కాకపోతే ఇద్దరు మాట్లాడింది ఒక్క కత్తి గురించి కాదు.

కత్తి అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు సామాన్లు

చేపల పని చేసేటోళ్ల దగ్గర ఎట్లైనా కత్తి ఉంటది. చేప కడుపు కోయనీకి, చినిగిన వల కండ్లు బాగుచేయనీకి, తాడు తెంపనీకి. ఇది పని కత్తి. మొన సూదిలెక్క ఉంటది, అంచు నున్నగ ఉంటది, వారానికోసారి రాయి మీద నూరుతరు, ఎవరికి అవసరమైతే వాళ్లు తీసుకుంటరు, పని అయినంక యాడనో ఒక కాడ పెడ్తరు.

సేఫ్టీ నైఫ్ అనేది వేరే. దాంతోని రోజూ చేసే పని ఏం ఉండదు. మనిషి తాడుకో వలకో చిక్కినప్పుడు, ఆ తాడును కోసి మనిషిని విడిపించనీకి మాత్రమే అది. మొన మొండిగ ఉంటది, అంచుకు రంపం పండ్లు ఉంటయి, పిడి నారింజనో పసుపుపచ్చనో ఉంటది, ఒరల గట్టిగ కూసుంటది, ఒక్క చేత్తోని గుంజితే వస్తది. అది ఒకరి ఒంటి మీదనే ఉంటది, ఇంకొకరికి ఇయ్యరు.

పెద్దోళ్లు వద్దన్నది మొదటిది. చిన్నోళ్లు కావాలన్నది రెండోది. మనకు రెండిటికీ చాకే, కత్తే, అందుకే మీటింగు ముచ్చట తెగలే.

తాడు మనిషిని ఎట్ల పట్టుకుంటది

దీని మీద అందరికంటే ఎక్కువ ఆలోచన చేసింది సముద్రంల బోన్లతోని వేట చేసేటోళ్లు. అమెరికా ఈశాన్య తీరంల, బ్రిటన్‌ల, పెద్ద రొయ్యలాంటి లాబ్‌స్టర్ల కోసం, ఎండ్రకాయల కోసం ఇనుప బోన్లు తాడుకు వరుసగ కట్టి సముద్రంల వదుల్తరు. బోటు ముందుకు పోతుంటది, బోన్లు ఒకటెనక ఒకటి వెనక నుంచి జారిపడ్తుంటయి, తాడు డెక్కు మీద చుట్టలు చుట్టలుగా ఉండి గబగబ పోతుంటది. ఆ చుట్టల మీద కాలు పడితే చాలు.

లెక్క వేసి చూద్దాం. బోటు 6 నాట్ల వేగంతోని పోతుంది అనుకుందాం, అంటే గంటకు 11 కిలోమీటర్లు, మన ఊరోళ్ల సైకిల్ స్పీడు అంతే. సెకనుకు మూడు మీటర్లు. డెక్కు మీద ఇంకా ఆరు మీటర్ల తాడు వదులుగ ఉంది, అందుల ఒక చుట్టల మనిషి కాలు పడ్డది. ఆరును మూడుతోని భాగిస్తే రెండు సెకన్లు. రెండు సెకన్లల తాడు బిగుసుకుంటది, అటెనక కాలును గుంజేది మనిషి బలం కాదు, ఒక్కోటి పదిహేను ఇరవై కిలోలుండే బోన్ల వరుస, దాని మీద ముందుకు పోయే బోటు ఇంజను.

ఈ రెండు సెకన్ల లెక్క తెలిస్తే సేఫ్టీ నైఫ్ గురించి సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతది. కత్తి డ్రైవర్ క్యాబిన్ గోడకు వేలాడుతుంటే చిక్కినోడికి అది లేనట్టే. జేబుల ఉండి దాని మీద రబ్బరు అప్రాన్ ఉంటే కూడా లేనట్టే. మడిచే చాకు అయితే తడి చేతులతోని, గ్లౌజులతోని, గోరు పెట్టి తెరవాలె, అది అయ్యే పని కాదు. పైగ ఉప్పునీళ్లకు మడిచే కీలుకాడ ఉప్పు గడ్డకట్టి పట్టేస్తది. అందుకే ఒరల ఉండే మడవని చాకు, ఛాతీ మీదనో లైఫ్ జాకెట్ పట్టీ మీదనో, కుడి చెయ్యికి ఎడమ చెయ్యికి రెండిటికీ అందే కాడ పెట్టుకుంటరు. రెండు చేతులకు ఎందుకంటే చిక్కేది కాలే కావాలని ఏం లేదు, ఒక చెయ్యే తాడుల ఇరుక్కోవచ్చు.

అట్లని క్యాబిన్ కత్తి వేస్ట్ అని కాదు. అది పక్కనున్నోడి కోసం. బోటు వెనక అంచుకాడ, తాడు గుంజి చుట్టే మిషను వించ్ కాడ, అందరికీ తెలిసిన జాగల ఒక పెద్ద రంపం కత్తి బిగించి ఉంటే, ఒకడు కొట్టుకుపోతున్నప్పుడు రెండోడు తాడు కోస్తడు. ఒంటి మీద చాకు, బోటు మీద చాకు రెండూ ఉండాలనేది అట్ల వచ్చింది.

మన చెరువుల తాడు కాదు, వల

సముద్రం లెక్క మన తెప్పకు అతకదు అన్న పెద్దోళ్ల మాటల కూడా విషయం ఉంది. మన దగ్గర ఇంజను లేదు, వేగం లేదు, రెండు సెకన్ల గుంజుడు లేదు. తెప్ప, లేకుంటే పుట్టి, లేకుంటే లారీ ట్యూబు, దాని మీద ఒక్కడు. చెరువుల్లనే కాదు, కరీంనగర్ దిక్కు మానేరు డ్యాముల, ఇటు గోదావరిల కూడా చిన్న వేట ఇట్లనే ఉంటది.

ఇక్కడ పట్టుకునేది పైన బెండ్లు కింద గుండ్లు కట్టి నీళ్లల్ల నిలవేసే వల. ప్లాస్టిక్ నరం లాగ తెల్లగ మెరిసే ఒంటిపోగు నైలాన్ వలైతే నీళ్లల్ల కండ్లకు కూడా కనవడదు, చేపకు కనవడొద్దనే కదా అట్ల చేసింది. వల మనిషిని దూరం గుంజుకపోదు, ఉన్న జాగలనే పట్టుకుంటది. కాలి వేళ్లు, చొక్కా గుండీలు, లుంగీ కొస, మొలతాడుకు కట్టిన తాళంచెవి, అన్నీ దానికి దొరుకుతయి. మోడుకు తట్టుకున్న వల అయితే ఇగ లంగరు వేసినట్టే.

అంటే సముద్రంల వేగం చంపుతది, చెరువుల చుట్టుకునుడు చంపుతది. మనకు టైం కొద్దిగ ఎక్కువ ఉంటది, కానీ కోయాల్సిన పోగులు కూడా మస్తు ఎక్కువ. లావు తాడును ఒక్క కాడ కోస్తే అయిపోతది, వలల ఒక్క పోగు కోస్తే ఇంకో ఇరవై ఉంటయి. దీనికి పొడుగు బ్లేడు కంటే, లోపల బ్లేడు ఉండి కొంకి లెక్క వంగిన చిన్న కోత సామాను మంచిగ పనిచేస్తది, నీళ్లల్ల మునిగి పనిచేసే డైవర్లు పెట్టుకుంటరు చూడు, అట్లాంటిది. కొంకిల పోగులు తగిలించి గుంజితే అవే తెగుతయి, చర్మానికి అంచు తగలదు. మా దిక్కు దుకాండ్లల్ల నాకైతే అది కనవడలే.

ఇంకో తేడా కూడా ఉంది, మన దగ్గర మనిషి ఒక్కడే. పక్కనున్నోడి కత్తి అనే ముచ్చటే లేదు. కాక బతికింది ఆ రోజు ఇంకో తెప్ప దగ్గరున్నందుకు.

మొన మొండిగ, అంచు రంపం లెక్క ఎందుకు

మొన ముచ్చట అర్థమైతే పెద్దోళ్ల భయం సగం తగ్గుతది. పడవ మీద కత్తితోని అయ్యే పెద్ద గాయం పొడుచుకునుడు. ఊగే బోటు, తడి డెక్కు, మనిషి జారి కత్తి మీద పడ్తడు, లేకుంటే కంగారుల కాలికి చుట్టిన తాడు కోయబోయి తొడల దింపుకుంటడు. మొన లేకుంటే పొడుచుకునుడు చాలా వరకు పోతది. గాలితోని ఉబ్బే లైఫ్ జాకెట్లకు రంధ్రం పడకుండ కూడా మొండి మొననే మేలు. మనోళ్లు మొలతాడుకు ఒర లేకుండ కట్టుకునే చాకు సూది మొనది, దాని గురించి పెద్దోళ్లు చెప్పిన ప్రతి మాట నిజం.

రంపం అంచు సంగతి నేను ఇంట్లనే చూసిన. వాకిట్ల వేపచెట్టుకు వేలు లావు నైలాన్ తాడు కట్టి, రెండో కొసకు నీళ్ల బకెట్ వేలాడదీసిన. తాడు తడిపిన. మా అమ్మ కూరగాయలు కోసే నున్న చాకు ముందు పెట్టిన, మంచి పదునుదే, తడి తాడు మీద జారుకుంట పోయింది, ఎనిమిది తొమ్మిది సార్లు ఆడిస్తే తెగింది. రంపం పండ్ల చాకైతే మూడోసారికే తెగి బకెట్ దబ్బున పడ్డది. పండ్లు ఒక్కో పోగును పట్టి తెంపుతయి, జారనియ్యవు.

తర్వాత బకెట్ తీసేసి, తాడును వదులుగ చేతిల పట్టుకొని కోసిన. రెండు చాకులూ ఫెయిల్. తాడు చాకుతోని పాటే అటు ఇటు ఊగుతది గాని తెగదు. ఈ ముచ్చట నాకు ముందు తెల్వదు, చేసినంకనే తెలిసింది. చాకు ఉంటే చాలదు, తాడు బిగువుగ ఉండాలె, లేకుంటే చాకు తాడును వంచి మెలికల పట్టి నీ దిక్కు గుంజాలె. అట్లనే బాగా బిగిసిన తాడు తెగితే కొస కొరడా లెక్క ఎగురుతది, నా మోచేతికి తగిలింది, బకెట్ బరువుకే అంత మంట. బోటు గుంజే తాడుదైతే ఎట్లుంటదో ఆలోచించుకోండి.

రంపం అంచుకు ఒక లోపం ఉంది, మామూలు రాయి మీద నూరరాదు. ఇంకా రోజూ పనికి వాడితే పండ్లు తొందరగ అరుగుతయి, అవసరం పడ్డనాడు మొద్దు చాకు చేతికొస్తది. సేఫ్టీ నైఫును పనికి వాడొద్దు అనేది ఇందుకే వచ్చింది, పిసినారితనంతోని కాదు.

వద్దనేటోళ్ల వాదన, దాంట్ల ఉన్న బలం

కత్తి వద్దు అనేది మా చెరువు పెద్దోళ్ల మాటే కాదు. సముద్రంల నూనె బావుల కాడ, పెద్ద పెద్ద ఫ్యాక్టరీలల్ల, కొన్ని కంపెనీలు మనుషులు సొంత చాకులు తెచ్చుకునుడే బంద్ పెట్టినయి. కారణం చేతి గాయాలు. తాడు కోసుడు, డబ్బాలు తెరుసుడు, ఇట్లాంటి చిన్న పనులకు తెరిచిన బ్లేడు వాడి వేళ్లు కోసుకునేటోళ్లు మస్తు. వాళ్లు బ్లేడు దానంతట అదే లోపలికి పోయే కట్టర్లు ఇస్తరు. ఈ లెక్క వాళ్లకు సరిగ్గ సరిపోతది, ఎందుకంటే అక్కడ రోజూ జరిగేది కోసుకునుడు, తాడు చుట్టుకొని మునుగుడు అరుదు. చేపల బోటు మీద తక్కెడ ఇటు దిక్కు వంగుతది. చెయ్యి కోసుకుంటే కుట్లు పడ్తయి, తాడుల చిక్కి నీళ్లల్ల పోతే మనిషే పోతడు. రెండు ప్రమాదాలను ఒక్క తక్కెడల పెట్టి ఎన్నిసార్లు జరుగుతది అని మాత్రమే చూస్తే కత్తి వద్దనిపిస్తది, జరిగితే ఏమైతది అని కూడా చూస్తే కావాలనిపిస్తది.

రెండో వాదన ఇంకా గట్టిది. చాకు ఉంటే ధైర్యం ఎక్కువై జాగ్రత్త తగ్గుతది అంటరు. దీన్ని నేను కొట్టిపారెయ్యలేను. బోన్ల వేటల అసలు మందు ఏందంటే తాడు ఉండే జాగ, మనిషి నిలవడే జాగ రెండిటి నడుమ అడ్డం పెట్టుడు, చెక్క పలకనో గోడనో, తాడు దాని అవతల నుంచే పోయేటట్టు. కాలు తాడు మీద పడకుంటే చాకుతోని పనే లేదు. విదేశాల్ల మత్స్యకారులకు చెప్పే భద్రతా సలహాల్ల కూడా ముందు తాడును మనిషిని వేరు చేసుడే, చాకు అటెనక వస్తది.

మూడోది కాకినాడ కళాసీ ఒకాయన చెప్పిండు. పెద్ద వలను నీళ్లల్ల ఈడ్చుకుంట పోయే ట్రాలు బోట్ల మీద ఆ వలను గుంజేది ఇనుప తీగల తాడు, వించ్ మీద చుట్టుకుంటది. ‘అన్నా, ఆ ఇనుప తాడుకి నీ చాకు ఏం చేస్తది, వించ్ ఆపడమే పని, ఆపే హ్యాండిల్ దగ్గర మనిషి ఉండాలి’ అన్నడు. ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇనుప తాడు, గొలుసు, వీటిని ఏ చాకూ కోయదు. అక్కడ ప్రాణం కాపాడేది స్టాప్ లివర్.

మెడకు తాడుతోని వేలాడేసుకునే చాకు మీద కూడా జగడం ఉంది. అందుబాటుల ఉంటది, నిజమే, కానీ ఆ మెడ తాడే వించ్‌కు తట్టుకుంటే ఉరి అయితది. గట్టిగ గుంజితే దానంతట అదే ఊడే తాడు అయితే కొంత నయం.

పోలీసోళ్లు పట్టుకుంటరా

మీటింగుల ఒక పిలగాడు అడిగిండు, నర్సంపేట బస్‌స్టాండుల నడుముకు చాకుతోని దొరికితే కేసు పెట్టరా అని. 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం బ్లేడు 9 అంగుళాల కంటే పొడుగు గాని, 2 అంగుళాల కంటే వెడల్పు గాని ఉన్న కత్తులు ఆయుధాల లిస్టుల వస్తయి, అందుల కూడా ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు తయారైనవాటిని పక్కకు పెట్టిన్రు. సేఫ్టీ నైఫ్ బ్లేడు మూడు నాలుగు అంగుళాలు దాటదు. కాబట్టి చాకు చాకుగా నేరం కాదు. కాకపోతే ఎన్నికలప్పుడో గొడవలప్పుడో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163 సెక్షన్ కింద, అదే పాత 144, ఒక ఏరియాల కత్తులు పట్టుకొని తిరగొద్దని ఆర్డర్ వేయొచ్చు. చాకు తెప్పకాడ ఉంటే ఒక లెక్క, బస్సుల నడుముకు ఉంటే ఇంకో లెక్క. చూసేటోడికి అనుమానం రావుడు సహజం.

చాకు ఒక్కటే చేయలేని పని

అమెరికాల 2000 నుంచి 2016 దాకా చేపల వేట పడవల మీంచి నీళ్లల్ల పడి 204 మంది చనిపోయిన్రు, ఆ 204 మందిల ఒక్కరు కూడా లైఫ్ జాకెట్ వేసుకోలే. ఈ సంఖ్య చదివినంక నేను చాకు సంగతి జాకెట్ సంగతి విడిగ చూసుడు మానేసిన.

ఇంకో చిన్న లెక్క. మనిషి తల బరువు నాలుగైదు కిలోలు, నీళ్ల మీద దాన్ని నిలపనీకే ఈత అంతా. 100 న్యూటన్ల జాకెట్ సుమారు 10 కిలోల బరువును తేలుస్తది. కాళ్లకు చుట్టుకున్న వల గుండ్లతోని, బురదతోని ఒక నాలుగు కిలోలు కిందికి గుంజుతుంది అనుకుందాం. జాకెట్ లేకుంటే ఆ నాలుగు కిలోలతోనే మనిషి మునుగుతడు, అప్పుడు ఊపిరి బిగవట్టి నీళ్ల లోపల, కండ్లకు కనవడని పోగులను చేతితోని తడుముకుంట కోయాలె. జాకెట్ ఉంటే తల పైనే ఉంటది, ఊపిరి తీసుకుంట ఒక్కో పోగు కోసుకోవచ్చు. అదే వల మోడుకు గట్టిగ బిగిసి ఉంటే 10 కిలోల తేలుడు మోడును పీకలేదు, నీళ్లు పెరిగినా అల వచ్చినా మనిషి ఆడనే ఉంటడు, అక్కడ చాకే దిక్కు. జాకెట్ టైం ఇస్తది, ఆ టైంను చాకు వాడుకుంటది.

మా ఊర్ల గౌండ్లను చూస్తే నాకు ఇది ఇంకా బాగా తెలుస్తది. నడుము వెనక గీత కత్తులు పెట్టుకొని వాళ్లు రోజూ తాడిచెట్టు ఎక్కుతరు, ఎవ్వరు అది ప్రమాదమని లొల్లి పెట్టలే, ఎందుకంటే కత్తికి ఒక జాగ ఉంది, ఒర ఉంది, తాతల నుంచి వచ్చిన అలవాటు ఉంది. వాళ్ల ప్రాణం పోయేది చెట్టు మీంచి పడితే. అందుకే 2024ల తెలంగాణ సర్కారు గౌండ్ల దేవుడు కాటమయ్య పేరు మీద ఇచ్చిన కిట్టుల ఉన్నది పడకుండ ఆపే తాళ్లు, బెల్టులు. మనకు నీళ్ల మీద జాకెట్ అట్లాంటిది.

జాకెట్ మీద మనోళ్లకు ఉన్న అభ్యంతరం కూడా ఉత్త మాట కాదు. ఎండల ఉక్కపోత, వల గుంజేటప్పుడు పట్టీలకు వల కండ్లు తట్టుకుంటయి, పైసలు అయితయి. పట్టీలు బయటికి వేలాడని, పలుచటి రకాలు ఉన్నయి, అవైతే వల గుంజుడుకు అడ్డం రావు, ధర మాత్రం ఇంకా మన చేతికి అందేటట్టు లేదు.

సొసైటీల ఇప్పటికీ తీర్మానం కాలే. ఐదారుగురం మాత్రం హార్డ్‌వేర్ షాపుల దొరికే రంపం అంచు చాకు మొన గ్రైండర్ మీద మొండిగ చేయిచ్చుకున్నం, పాత సైకిల్ ట్యూబు కోసి ఒర కుట్టిచ్చుకున్నం. కాక ముందు నవ్విండు. ఇప్పుడు తెప్ప ఎక్కేముందు ఎడమ భుజం కింద చెయ్యి పెట్టి ఒక్కసారి తడుముకుంటడు, ఉంది అనుకున్నంకనే గడ కర్ర అందుకుంటడు. సద్ది సంచిల పాత చాకు కూడా అట్లనే ఉంది, దాంతోని ఉల్లిగడ్డ కోసుకుంటడు.